కుడివైపు ముందు చక్రం

నా చిన్నప్పుడు, లోకంలో నీకు అన్నిటికంటే అసహ్యమైనదేదని ఎవరైనా అడిగి ఉంటే, మా ఇంటి ముందు ఆగే చిన్న ట్రక్కును చూపించి ఉండేదాన్ని. అబ్బబ్బ, అదేం కంపు! చేపల జిగట, కరిగిన మంచునీళ్లు, తడిసి మురిగిన గోనెసంచులు అన్నీ కలిసిన వాసన. బండి మా వీధి మలుపు తిరగకముందే అది మా ఇంట్లోకి వచ్చి కూర్చునేది. అన్నం ముందు ఉన్నదాన్ని కంచం తోసేసి లేచిపోయేదాన్ని. ఇప్పుడు తల నెరుస్తున్న వయసులో ఆ రోజులు తలుచుకుంటే అసహ్యం వేస్తూనే ఉంది, కానీ బండి మీద కాదు.

మాది మేడ్చల్ దగ్గర రావల్కోల్. ఊళ్లో మాది భూములున్న కుటుంబం, బాపుకు పటేలని పేరు. అప్పటికే ఇద్దరి చేతులు మారిన ఆ పాత ట్రక్కును బాపు కొన్నది మా కూరగాయలు మార్కెట్‌కు తోలడానికి. కూరగాయలు లేని ఎండాకాలంలో బండి ఖాళీగా ఎందుకుండాలని శామీర్‌పేట చెరువు చేపలకు కిరాయికి పెట్టాడు. చెరువులో నీళ్లు తగ్గి వలలు నిండే రోజులవి. చేపల కిరాయి కావాలి. ఆదివారం చేపల పులుసు కావాలి, వేళ్లు నాకుతూ తినాలి. చేపల బండి వాసన మాత్రం మా వాకిట్లోకి రాకూడదు! మా ఇంట్లో ఇది ఎవరికీ వింతగా తోచలేదు. నాకసలే తోచలేదు.

ఆ వాసన పోవడానికి మా అమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. చేప ముక్కల నీచు పోవాలంటే ఉప్పూ పసుపూ వేసి కడుగుతాం కదా, బండికి మాత్రం అదెందుకు పనికిరాదనుకుంది. రోజూ మధ్యాహ్నం బండి రాగానే రెండు బకెట్ల నీళ్లలో దోసెళ్లకొద్దీ దొడ్డుప్పు, ఇంత పసుపు కలిపి బండి మీద గుమ్మరించాలి. ఆ పని నాకు అప్పగించింది. బండి ఎప్పుడూ తన కుడివైపు మా అరుగుకు ఆనేట్టు ఆగేది. అవతలి పక్క ముళ్లకంచె, పెంటకుప్ప. అటు ఎవరు పోతారు? అరుగు మీద నిలబడి, ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో చెంబుతో ముంచి విసిరేదాన్ని. నా ఎదురుగా ఉండేది కుడివైపు ముందు చక్రం. నీళ్లలో సగం దానికే పోసేదాన్ని. మొదట్లో ఏమీ అయ్యేది కాదుగానీ, ఎండలు ముదిరేసరికి నీళ్లు పడగానే ఆ చక్రం చుయ్‌మని చప్పుడు చేసి ఆవిరి వదిలేది. నాకదొక ఆట. ఆ చప్పుడు కోసమే ఇంకో చెంబు పోసేదాన్ని.

బండి నడిపేది శామీర్‌పేట చెరువు మీద బతికే కుటుంబంలోని మనిషి. ఆయన్ను డ్రైవరన్నా అని పిలిచేదాన్ని. నోట్లో నాలుక లేని మనిషి. పొద్దున బండి తీసేముందు బానెట్ మీద ఒకసారి చెయ్యి ఆనించి, ఆ చెయ్యి కళ్లకద్దుకునేవాడు. చేపలమ్మే వాళ్ల అవ్వ, అంటే ఆయన తల్లి, గంపలతో వెనక కూర్చుని కొంపల్లి దాకా వచ్చేది. అక్కడ అప్పుడప్పుడే లేస్తున్న విల్లాల ముందు దిగి, గంప నెత్తిన పెట్టుకుని గేటు గేటుకూ తిరిగేది. అరవై దాటిన మనిషి, మెడ నిటారుగా ఉండేది.

ఆ ఎండాకాలం బండి డీజిల్ తాగడం ఎక్కువైంది. బాపుకు ఎవరినీ నమ్మే అలవాటు లేదు. ట్యాంకులో జొన్న సొప్ప ముంచి తీసి, తడి ఎంతదాకా ఉందో గోటితో గీత పెట్టుకునేవాడు. వారం రావాల్సిన డీజిల్ నాలుగు రోజులకే అయిపోతోందని ఆ గీత చెప్పింది. అంతే, ఇంట్లో రోజూ అదే మాట. గడప దాటి వచ్చిన ప్రతి చుట్టమూ తలా ఒక మాట కలిపాడు. డ్రైవర్లంతా అంతేనన్నాడొకడు. చెరువోళ్లను నమ్మి బండి ఇస్తారా అన్నాడింకొకడు. థూ, మా అన్నం తిని మా అరుగు మీద కూర్చుని ఎంత సులువుగా అన్నారో! తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని ఊరికే అనలేదు.

డ్రైవరన్న మాత్రం ఒకరోజు తానే వచ్చి చెప్పాడు. అరుగు కింద నిలబడి, తువాలు చేతుల్లో నలుపుకుంటూ చెప్పిన ఆ మాటలు నాకింకా గుర్తున్నాయి.

"బండి కుడి దిక్కు గుంజుతాంది పటేలా. దిగుడుల గేరు దీసినా ఉరుకుతలేదు, ఎవడో ఎనుక నుంచి పట్టుకున్నట్టే ఉంటాంది. ఒక్కపారి మేడ్చల్ల మెకానిక్ ఉస్తాద్‌కు జూపిద్దామా?"

బాపు నవ్వాడు. ఆ నవ్వు నాకు అప్పుడు గొప్పగా అనిపించింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ ముచ్చట అన్నాడు. తన మాట లేకుండా బండికి ఒక్క నట్టు కూడా తిప్పొద్దని గట్టిగా చెప్పి పంపేశాడు. కుడివైపు గుంజడమంటే ఏమిటో ఆలోచించండి. రోడ్డు మీద కుడివైపు ఎదురుగా వచ్చేవి లారీలు. ఆ మనిషి తన తల్లిని వెనక కూర్చోబెట్టుకుని రోజూ ఆ స్టీరింగును ఎడమకు లాగిపట్టుకుని బండి నడిపాడు. నడపకపోతే ఆ పనీ లేదు.

ఆ సాయంత్రం బాపు నన్ను దగ్గరికి పిలిచాడు. సెలవులే కదా, రేపటి నుంచి బండిలో కూర్చుని పో, ఎక్కడ ఆపుతడో ఏం చేస్తడో కళ్లు తెరుచుకుని చూడు, ఎవరికీ చెప్పకు అన్నాడు. ఇంట్లో మగపిల్లలుండగా నన్ను నమ్మి పని చెప్పాడని నేను ఎంత పొంగిపోయానో! ఆ కంపులో ఎలా కూర్చోవాలన్నదే నా దిగులు. అమ్మ నా చేతిగుడ్డ మీద పౌడరు దట్టంగా చల్లి ఇచ్చింది. దాన్ని ముక్కుకు అడ్డంగా కట్టుకుని, వెనక ముడి వేసుకుని, పదకొండేళ్ల దాన్ని, మహారాణిలా బండెక్కాను.

డ్రైవరన్న నా సీటును తన తువాలుతో తుడిచాడు. ముఖం మీద గుడ్డ చూసి, జలుబు చేసిందా బిడ్డా అని అడిగాడు. అవునన్నట్టు తలూపాను. నీ కంపు భరించలేక కట్టుకున్నానని ఎలా చెప్పను? మర్నాడు పొద్దున ఆయన నాకొక చిన్న గుడ్డమూట ఇచ్చాడు. అందులో వేయించి నలిపిన వాము ఉంది. జలుబు చేసిన పిల్లకని వాళ్లవ్వ తెల్లవారకముందే లేచి, వాము వేయించి, తన పాత చీర పేలికలో కట్టి పంపింది. చేపలు కోసిన చేతులతో కట్టిన మూట! ఆయన అటు తిరగగానే సీటు కిందికి తోసేసి, వేళ్లు గౌనుకు రుద్దుకున్నాను.

ఐదు రోజులు ఆ బండిలో తిరిగాను. శామీర్‌పేట చెరువు గట్టున చేపలు ఎక్కించుకుని మేడ్చల్ మీదుగా కొంపల్లికి. రోజూ ఒకేచోట, రోడ్డు వాగు దాటే చిన్న వంతెన దగ్గర ఆయన బండి ఆపేవాడు. బ్యాటరీ సగం చచ్చిందని, ఆపితే మళ్లీ నెట్టాలని, ఇంజన్ మాత్రం ఆపేవాడు కాదు. తన వైపు తలుపు తీసుకుని దిగి, వెనక గంపల మధ్య నుంచి ఒక పాత నూనె డబ్బా తీసుకునేవాడు. బండికి కుడి పక్కన వంగేవాడు. ఎడమవైపు కూర్చున్న నాకు వంగిన వీపు మాత్రం కనిపించేది. కాసేపటికి డబ్బా వెనక పెట్టి వచ్చి, ఏమీ ఎరగనట్టు బండి కదిలించేవాడు. మా బండికి డీజిల్ ట్యాంకు ఉన్నది కుడి పక్కనే.

ఇంకేం కావాలి? ఆరో రోజు పొద్దున బాపుకు అంతా చెప్పాను. వంతెన కాడ ఆపుతడు, డబ్బా తీసుకుంటడు, కుడి దిక్కు వంగుతడు. ఇందులో అబద్ధం ఒక్కటి లేదు. అప్పుడు బాపు ఒక ప్రశ్న అడిగాడు. "ట్యాంకు కాడనేనా?" నేను చూడలేదు. చూడాలంటే సీటు మీద అటు జరిగి ఆ కిటికీలోంచి తొంగి చూడాలి. ఆ సీటు మీదా, ఆ తలుపు మీదా చేపల జిగట ఉంటుందని అసహ్యం. అందుకని ఐదు రోజుల్లో ఒక్కసారి కూడా జరిగి చూడలేదు. కానీ బాపు కళ్లు మెరుస్తున్నాయి, ఆ మెరుపు నాకు ముద్దుగా ఉంది. తలూపాను. నా జన్మలో నేను చేసిన అన్నిటికంటే నీచమైన పని ఏదంటే ఆ తలూపడమే.

ఆ మధ్యాహ్నం మా వాకిట్లో ఊరు సగం చేరింది. బాపు డ్రైవరన్న చేతిలోంచి తాళంచెవి లాక్కుని దొంగా అన్నాడు. ఒక్కసారి కాదు, గేటు బయట నిలబడ్డవాళ్లకు కూడా వినబడేట్టు నాలుగైదుసార్లు అన్నాడు. రేపు స్టేషన్‌లో అప్పగిస్తానన్నాడు. వెనక నుంచి ఎవరో మట్టిపెళ్ల విసిరారు, అది ఆయన భుజానికి తగిలి రాలింది. ఆయన తుడుచుకోలేదు. "చక్రం కాలుతాంది పటేలా, నీళ్లు వోసిన. గంతే" అన్నాడు. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు. నేను విన్నాను. అరుగు మీద, ముక్కు మీద చేతిగుడ్డతో నిలబడి విన్నాను.

అప్పుడు వాళ్లవ్వ గంప దించి ముందుకొచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"పటేలా, నా కొడుకు దొంగైతే నువ్వు కొట్టుడు గాదు, నేనే చెరువుల ముంచుత" అంది. "గని ముందుగాల నువ్వు బండిని ఉస్తాద్‌కు జూపియ్యాలె. ఆయన బండిల ఏం లేదంటే, ఇగ మేం గీ ఊరికే రాం."

జనం ముందు కాదంటే తాను భయపడ్డట్టు ఉంటుందని బాపు ఒప్పుకున్నాడు. మర్నాడు పొద్దున తానే నడుపుతానని స్టీరింగు ముందు కూర్చున్నాడు. పక్కన నేను, సాక్షిని కదా. డ్రైవరన్నను, వాళ్లవ్వను వెనక ఎక్కించాడు. సొంత బండిలో పనివాడిని వెనక తొట్టిలో కూర్చోబెట్టి తీసుకుపోవడం బాపుకు ఒక ముచ్చట. మొదట బండి బాగానే పోయింది. ఏం లేదు, దొంగ మాటలు అని బాపు రెండుసార్లు అన్నాడు. సగం దూరం పోయాక ఆ మాట ఆపేశాడు. ఆయన మెడ మీద నరం లేచింది, చేతులు స్టీరింగును ఎడమకు లాగుతున్నాయి. ఒకచోట ఎదురుగా లారీ వస్తుంటే బ్రేకు తొక్కాడు. బండి గభాలున కుడికి తిరిగింది. లారీ హారను నా చెవుల్లోంచి దూసుకుపోయింది. బాపు చెమట తుడుచుకున్నాడు, బండి బాగాలేదని మాత్రం అనలేదు.

మేడ్చల్ పెద్దరోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఉండేవాడు ఆ ఉస్తాద్. గడ్డం నెరిసిన ముసలాయన. ఆ షెడ్డు సంగతి ఏం చెప్పను! నేలంతా నల్లటి ఆయిల్ జిడ్డు, మూలన పాన్ ఉమ్మి ఎర్రటి గోడ, ఈగలు. నేను చేతిగుడ్డ ఇంకా బిగించుకున్నాను. బాపు డీజిల్ కథ మొదలుపెట్టగానే ఆయన చెయ్యెత్తి ఆపాడు. "కహానీ తర్వాత జెప్పుండ్రి పటేల్ సాబ్, ముందుగాల బండిని అడుగుదాం" అన్నాడు. ఒక్కొక్క చక్రం దగ్గరా ఆగి, తాకకుండా అరచేతి వెనకవైపు ఆనీ ఆనకుండా పెట్టి చూస్తూ బండి చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఏం వాసనొస్తాంది బిడ్డా?"

చేపలు అన్నాను.

"ముక్కు మీద గుడ్డ దీసి చెప్పు."

బాపు ముందు కాదనలేక ముడి విప్పాను. ఆయన నన్ను వెనక చక్రం దగ్గర వంగమన్నాడు. చేపలే. ఎడమవైపు ముందు చక్రం దగ్గర వంగమన్నాడు. చేపలు, మట్టి. కుడివైపు ముందు చక్రం దగ్గర వంగి, చటుక్కున ముఖం తిప్పేసుకున్నాను. అది చేపల వాసన కాదు. కొమ్ము కాలిన వాసన, మాడిన రబ్బరు వాసన, చేదుగా నాలుక మీదికి ఎక్కే వాసన. పక్కకు పరుగెత్తి వాంతి చేసుకున్నాను. వాళ్లవ్వ వచ్చి నా నుదురు పట్టుకుంది. ఆ చేపల చేతులతోనే.

ఐదు రోజులు ఆ చక్రానికి నాలుగు మూరల దూరంలో కూర్చున్నాను. ఆ వాసన రోజూ అక్కడే ఉంది. ముక్కున్న ఏ మనిషైనా పసిగట్టి ఉండేవాడు. నేను పౌడరు వాసన పీల్చుకుంటూ కూర్చున్నాను.

ఉస్తాద్ తాగే నీళ్ల గ్లాసులో వేళ్లు ముంచి, పెనం కాగిందో లేదో చూసే ఆడవాళ్లలా ఒక్కో చక్రం నడిమధ్యన నాలుగు చుక్కలు చల్లాడు. మూడు చక్రాల మీద చుక్కలు చప్పుడు లేకుండా జారిపోయాయి. నాలుగో చక్రం చుయ్‌మంది. ఆ చప్పుడు నాకు కొత్త కాదు. మా అరుగు మీద నేను రోజూ ఆడుకున్న ఆట అదే. అన్ని చక్రాలూ అలాగే అంటాయనుకున్నాను. మిగతా మూడింటి మీద ఎప్పుడైనా నీళ్లు పోస్తేనా?

జాకీ పెట్టి బండి ముందు భాగం లేపాడు. ఎడమ చక్రాన్ని చేత్తో తోస్తే గిరగిరా తిరిగింది. కుడిదాన్ని రెండు చేతులతో లాగినా కదల్లేదు. బ్రేకు పట్టేసిందని నాకే అర్థమైంది. బాపుకూ అర్థమైంది. సరే, ఆ బ్రేకు మార్చి పారెయ్ అన్నాడు తొందరగా, ఆ మాట అక్కడితో అయిపోవాలని. ఉస్తాద్ కదల్లేదు. అప్పుడు ఆయన చెప్పింది నాకు పూర్తిగా అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

"పట్టుకున్నదని దాన్ని తిడితే ఎట్ల సాబ్? తనంత తాను పట్టుకున్నదా, ఎనుక నుంచి ఎవడన్న ఒత్తుతుండా? జర గది జూడాలె."

చక్రం విప్పాక లోపల మెరిసే ఇనుప పళ్లెం కనిపించింది. దాన్ని రెండువైపులా పట్టకారులా పట్టుకునే ఇనుప ముక్కను క్యాలిపర్ అంటారని ఆ రోజే తెలిసింది. కాలు బ్రేకు మీద పెడితే అది బిగుసుకోవాలి, కాలు తీస్తే వదిలెయ్యాలి. ఇది వదలడం లేదు. ఆయన చిన్న పానాతో దానికున్న నిపుల్ అనే చిన్న మరను కొంచెం వదులు చేశాడు. బ్రేక్ ఆయిల్ చిమ్మింది. ఒత్తిడి పోయింది కాబట్టి ఇప్పుడు వదిలితే తప్పు పైనుంచి వచ్చే గొట్టానిది, వదలకపోతే తప్పు దీనిదే అన్నాడు. వదల్లేదు. అప్పటికి గానీ ఆయన క్యాలిపర్ విప్పలేదు. విప్పి, లోపలి పిస్టన్‌ను నెమ్మదిగా వెనక్కి ఒత్తి చూశాడు, అది బుద్ధిగా లోపలికి పోయింది. క్యాలిపర్ జారాల్సిన పిన్నులు రెండింటిలో ఒకటి మాత్రం తుప్పు పట్టి, ఇనుముకు ఇనుము అతుక్కుపోయి ఉంది. లోపలివైపు బ్రేకు ప్యాడ్ ఇనుము దాకా అరిగిపోయింది. బయటివైపుది సగానికి సగం మిగిలే ఉంది.

సుత్తితో కొట్టి కొట్టి ఆ పిన్నును బయటికి తీశాడు. దాని చుట్టూ తుప్పుతో పాటు తెల్లగా గట్టిపడిన పొరలు. ఉస్తాద్ ఆ తెల్లటిదాన్ని గోటితో గీకి నాలుక మీద పెట్టుకున్నాడు. ఛీ అనుకున్నాను. ఆయన పక్కకు ఉమ్మి, ఆశ్చర్యంగా అందరివైపూ చూశాడు.

"ఉప్పు! గిది చెరువు చేప గదా, సముద్రం చేప గాదు. గింత ఉప్పు యాడికెల్లొచ్చె? బండి ఎవరు కడుగుతరు?"

డ్రైవరన్నకు తెలుసు. రోజూ మా వాకిట్లో చూసేవాడు. ఆయన ఒక్కసారి నా వైపు చూసి, తల దించుకుని, ఏమో ఉస్తాద్ తెల్వదు అన్నాడు. దొంగ అని ముద్ర పడ్డ మనిషి, ఒక్కమాట చెబితే బయటపడే మనిషి, పదకొండేళ్ల పిల్ల పేరు చెప్పడానికి నోరు రాక తెలియదన్నాడు. అది చూశాక ఇంకా ఊరుకుని ఉంటే నేను మనిషినే కాదు. నేనే కడుగుతా అన్నాను. ఉప్పునీళ్లు నేనే పోస్తున్నా, రోజూ ఆ చక్రానికే పోస్తున్నా అన్నాను. వంతెన కాడ అన్న ట్యాంకు దిక్కు వంగింది నేను చూడలేదు బాపూ, ఉత్తగనే తలూపిన అన్నాను. చెప్పేసరికి ఏడుపొచ్చింది.

బాపు నా రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు. పక్కింట్లో వినబడకూడని మాట చెప్పినట్టు, నోరు మూయ్ అన్నాడు. అంతే. ఆ షెడ్డులో నిజం తేలింది, పట్టుకున్న చక్రమే డీజిల్ తాగుతోందని ఉస్తాద్ వివరంగా చెప్పాడు కూడా. దానికి బాపు అన్నది ఇంతే: సరే, అయిపాయె, పని జెయ్యి. సాయంత్రం బండి తయారయ్యాక తాళంచెవిని డ్రైవరన్న మీదికి విసిరి, రేపు పొద్దుగాల జల్దీ రా అన్నాడు. తప్పైందన్న మాట లేదు. అలా అనొచ్చని కూడా బాపుకు తట్టినట్టు లేదు. డ్రైవరన్న కింద పడ్డ తాళంచెవి తీసి, మట్టి తుడిచి, బానెట్ మీద పెట్టాడు. ఎప్పటిలా ఒకసారి అరచెయ్యి బానెట్‌కు ఆనించి కళ్లకద్దుకున్నాడు. తల్లీకొడుకులు బస్సు కోసం రోడ్డు మీదికి నడిచిపోయారు. మళ్లీ ఆ బండి ఎక్కలేదు.

నాకు రోత పుట్టించేది ఆ తర్వాత జరిగింది. ఊరందరి ముందు దొంగా అన్న బాపు, కాదు అని ఊళ్లో ఒక్కరికీ చెప్పలేదు. అడిగినవాళ్లకు, ఏదో చిన్న రిపేరు, వాణ్ని తీసేసిన అన్నాడు. ఊరు తనకు తోచింది అనుకుంది. డీజిల్ దొంగ అన్న పేరు ఆ మనిషికి అతుక్కుపోయింది, ఆ పిన్నులాగే. మరి నేను? షెడ్డులో నలుగురి ముందు ఏడ్చి చెప్పిన వీరనారిని, ఊళ్లో అరుగు మీద నిలబడి చెప్పానా? చెప్పలేదు. బాపు కోపానికి భయపడి నోరు మూసుకున్నాను. ముక్కు మూసుకోవడం మానేశాను గానీ నోరు మూసుకోవడం మొదలుపెట్టాను. తిలాపాపం తలా పిడికెడు అంటారు. మా ఇంట్లో పంచుకున్నప్పుడు నా వాటాకు తక్కువేం రాలేదు.

పదిహేను రోజులకు కాబోలు, కొత్త డ్రైవరు బండి తీస్తుంటే డ్రైవరన్న మా గేటు బయట కనిపించాడు. లోపలికి రాలేదు. కొత్తతన్ని పిలిచి, ప్రతి ట్రిప్పు తర్వాత నాలుగు చక్రాలకూ చెయ్యి వెనకవైపు పెట్టి చూడమని, కుడి ముందు చక్రానికి ఉప్పునీళ్లు తగలనివ్వొద్దని, బ్రేకు గుంజితే పటేలు తిట్టినా సరే బండి తియ్యొద్దని చెప్పాడు. తనను దొంగను చేసిన బండి కోసం, తన పని తీసుకున్న మనిషి కోసం శామీర్‌పేట నుంచి రావల్కోల్‌కు వచ్చి చెప్పాడు. నేను గేటు పక్కనే ఉన్నాను, ముఖం మీద గుడ్డ లేదు. ఆయన నన్ను చూసి నిజంగా సంతోషపడ్డాడు.

"జలుబు తగ్గిందా బిడ్డా?"

తగ్గిందన్నా అన్నాను.

"ఓమ మూట మస్తు పనిజేస్తది. మా అవ్వకు జెప్త, సంబురపడ్తది" అంటూ వెళ్లిపోయాడు.

ఆయన మలుపు తిరిగేదాకా నిలబడి, బండి దగ్గరికి పరుగెత్తాను. సీటు కిందికి చెయ్యి పెట్టి, మట్టిలో, జిడ్డులో, ఎండిన పొలుసుల్లో తడిమి ఆ మూట బయటికి తీశాను. ముడి అలాగే ఉంది.

ఆయన నా జలుబును నిజంగా నమ్మాడా, అంతా తెలిసే నా పరువు కాపాడాడా, నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత నా చేతి కింద ఎంతోమంది పనిచేశారు. ఫలానావాడు దొంగ అని ఎవరైనా నా దగ్గరికి వస్తే, చూశావా లేక తలూపుతున్నావా అని అడుగుతాను. నాకు చాదస్తమని వాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఆ మూట నా బీరువాలో చీరల మడతల మధ్య ఉంది. మా పిల్లలు బీరువా తీసినప్పుడల్లా ఛీ, ఏంటమ్మా ఈ కంపు, పారెయ్యరాదా అంటారు. వాము ఘాటు ఏనాడో పోయింది, చేపల వాసన మాత్రం ఇంకా ఉంది. వాళ్లు ముక్కు మూసుకుంటుంటే నేను దాన్ని చేతిలోకి తీసుకుని, ముక్కుకు ఆనించి, గట్టిగా పీలుస్తాను.